మిట్టకు దొర్లిన నిమ్మకాయ

"అనంతపురంలో చూడడానికేముంది?" అని మా తెనాలిలో అడగనివారు లేరు. కాలవలకూ వరిచేలకూ అలవాటుపడిన కళ్ళు అలాగే అడుగుతాయి. ఎర్రనేల ఉంది, రాళ్ళగుట్టలున్నాయి, మబ్బులూ ఉన్నాయి గానీ అవి ఆగవు, అని సమాధానం చెప్పవచ్చు. నేను మాత్రం చూడడానికి వెళ్ళలేదు. కొలవడానికి వెళ్ళాను.

చాలా ఏళ్ళుగా కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నవాణ్ణి. ఎవరైనా "అంటారు" అనగానే "ఎవరన్నారు? ఎలా తెలిసింది?" అని అడగడం నాకు తగ్గని జబ్బు. ఈ జబ్బు సంగతి బాగా ఎరిగిన మిత్రులు ఇద్దరున్నారు. చదువుకునే రోజుల్లో ముగ్గురమూ అనంతపురంలో ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఒకడు ఓబులేసు. కంబదూరు దగ్గరి పల్లెలో వాన మీద ఆధారపడి వేరుశనగ పండిస్తాడు. రెండోవాడు పద్మనాభం. ధర్మవరంలో మగ్గాలున్న ఇంట పుట్టి పట్టుచీరల వ్యాపారంలో స్థిరపడ్డాడు. చీరలో తెగిన పోగును వెతికినట్టే ఎదుటివాడి మాటలోనూ వెతుకుతాడు.

ఆషాఢంలో ఒకనాడు ఓబులేసు ఫోను చేశాడు.

"సుబ్బా, మా పులిగుట్ట కనుమలో ఒగ మలుపు ఉండాది. ఆడ బండిని న్యూట్రల్లో పెట్టి వదిలేస్తే మిట్టకు పోతాది. దానంతట అదే. నీ సైన్సు యేం చెప్తాదో వచ్చి చూసుకో."

ఎత్తుకు ఎక్కే దారిని వాళ్ళు మిట్ట అంటారు. బండి తనంతట తాను మిట్ట ఎక్కడమంటే నీళ్ళు తమంతట తాము డాబా ఎక్కడమే. ఆ సాయంత్రమే బజారుకు వెళ్ళి, మేస్త్రీలు పునాది మట్టం చూసుకునే సన్నని నీళ్ళగొట్టం ఒక చుట్ట కొన్నాను. రైల్లో నా పక్కన కూర్చున్నాయన అది ఏ రోగానికి వాడతారని అడిగాడు. మూఢనమ్మకానికని చెప్పాను.

ఉగ్గాని దగ్గర

ప్రయాణం అనంతపురంలో ఉగ్గానితో మొదలైంది. మన మరమరాలను అక్కడ బొరుగులంటారు. వాటిని నీళ్ళలో తడిపి, పిండి, పసుపూ ఉల్లిపాయా పచ్చిమిరపా వేసిన తిరగమోతలో కలిపి, పైన పుట్నాలపొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీలు పెట్టి ఇస్తారు. ప్లేటు నలభై రూపాయలు. తెనాలిలో ఆ డబ్బుకు ఇడ్లీ వస్తుంది; మర్యాదగా తిని లేస్తాం. ఇక్కడ ఎవరూ మర్యాదగా తినరు. "మా బజ్జీలో కారమే ఉండదన్నా" అని కొట్టాయన హామీ ఇచ్చాడు. ఆ వాదన నిలవదని నా కళ్ళు నీళ్ళతో నిరూపించాయి.

ఓబులేసు తన సెల్‌ఫోన్లో ఒక ఫ్లెక్సీ బొమ్మ చూపించాడు. రాబోయే సర్పంచి ఎన్నికల్లో నిలబడాలని అతని ఆశ. ఊరి మొదట్లో కట్టడానికి ఫ్లెక్సీ అచ్చు వేయించి సిద్ధంగా ఉంచాడు. అందులో చేతులు జోడించిన ఓబులేసు ఉన్నాడు గానీ, ముందుగా కనిపించేది ఓబులేసు కాదు, ఓబులేసు మీసం. రెండు కొసలూ చెవుల్ని పలకరించబోతున్నట్టు పైకి లేచి ఉంటాయి. ఆ మీసాన్ని చూసే తమ పల్లెలో సగం మంది తనకు ఓటు వేస్తారని అతని లెక్క. ఈ లెక్కను నేను పరీక్షించలేదు.

"బండి మిట్టకు పోతుందన్నావు. పోకపోతే?" అన్నాను.

ఓబులేసు మీసం మీద చెయ్యి వేశాడు. ఆ సీమలో ఆ చేష్టకున్న బరువు తెలిసినవాళ్ళు కాబట్టి పక్క బల్లవాళ్ళు నమలడం ఆపారు.

"పోకపోతే దీన్ని తీయిస్తా. కంబదూరులోనే. అందురూ చూస్తాండంగా."

పద్మనాభం చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. "ముందు మాట తేల్చుకోండప్పా. ఆడ ఉండేది మిట్టా పల్లమా అని చెప్పేదెవురు? చీర అమ్మేటప్పుడు పట్టు ఎంత, జరీ ఎంత అని ముందే చెప్పుకుంటాం. తరవాత కొట్లాట ఉండదు."

"ఈ గొట్టం చెబుతుంది. నీళ్ళకు ఏ పార్టీ లేదు" అన్నాను.

"నీళ్ళు పల్లమంటే పల్లమే. ఒప్పుకున్నా" అన్నాడు ఓబులేసు. "మరి నీదేంది? ఊరికే గెలిచేకి వచ్చినావా?"

ఉదయపు గాలి, మిరపకాయ మంట, చాలా కాలానికి కలిసిన మిత్రులు: ఈ మూడూ కలిస్తే శాస్త్రం చదివినవాడు కూడా నోరు జారుతాడు. "కన్ను పొరబడుతుంది. కానీ పొరపాటు తెలిశాక సర్దుకుంటుంది. కొలిచి చూశాక కూడా నా కంటికి ఆ దారి మిట్టగానే కనిపిస్తే నా మీసం తీయిస్తాను" అన్నాను.

"నీ కంటికి ఏం కనపడినాదో మాకెట్ల తెలుస్తాది?" పద్మనాభం అడిగాడు.

"నేను చెబుతాను."

"అబద్ధం చెప్తే?"

"చెప్పను."

ఓబులేసు నా మూతి దగ్గరికి వంగి పరిశీలనగా చూశాడు. "మీసమా అది? పొద్దున కాఫీ అంటుకున్నాదేమో అనుకుంటిని."

గాలిమరల కింద

మూడు బండ్ల మీద బయలుదేరాం. ఓబులేసుది బుల్లెట్. దాని ముందు దిష్టికి కట్టిన నిమ్మకాయలూ మిరపకాయలూ వేలాడుతున్నాయి. పద్మనాభానిది నిదానమైన చిన్న బండి. నాకు ఓబులేసు బావమరిది బండి ఇచ్చారు.

ఆషాఢపు గాలి గురించి పుస్తకాల్లో చదవడం వేరు, దానిలో బండి నడపడం వేరు. పడమటి నుంచి అడ్డంగా వీస్తుంది. దక్షిణంగా పోతున్న బండిని తిన్నగా నడపాలంటే గాలివైపు ఒరిగి నడపాలి. గాలి ఒక్క క్షణం ఆగిందంటే ఒరిగినవైపే పడబోతాం. కాబట్టి ముగ్గురమూ వంకర మనుషుల్లా ఒరిగి, గాలి ఆగినప్పుడల్లా తూలి, మళ్ళీ ఒరిగి పోతున్నాం. పద్మనాభం భుజం మీది తువ్వాలు ఎగిరి ఒక లారీ ఎక్కింది. లారీ ధర్మవరం వైపు మళ్ళింది. "నాకన్నా ముందు ఇంటికి చేరతాది" అన్నాడతను.

రహదారి వదిలి రామగిరి వైపు తిరిగేసరికి కొండలు మొదలయ్యాయి. ఎవరో ఏనుగుల మందను పడుకోబెట్టి మరిచిపోయినట్టు నల్లని గుండ్లు ఒకదానిపై ఒకటి. కొండ కొమ్ము పొడుగునా గాలిమరలు. మలుపు తిరిగిన ప్రతిసారీ ఒకటి మాయమై రెండు ప్రత్యక్షమవుతాయి. వాటి రెక్కల నీడలు దారి మీద దొర్లుతుంటే ఓబులేసు బుల్లెట్టును నీడకూ నీడకూ మధ్యలోంచి దూర్చడానికి ప్రయత్నించాడు. నేనూ ప్రయత్నించాను. శిరస్త్రాణం లోపల ఎవరో అరుస్తున్నారు. కొంతసేపటికి అది నేనేనని తెలిసింది. ఏమని అరిచానో గుర్తులేదు. అర్థమున్న మాట మాత్రం కాదు.

కొండ దిగువన ఒక టీ అంగడి దగ్గర ఆగాం. నడిపేది హనుమక్క అనే పెద్దామె. టీ పది రూపాయలు. దానితోపాటు వేయించిన శెనగకాయలు గుప్పెడు ఊరికే ఇచ్చింది. మా వైపు టీతో ఊరికే ఇచ్చేది సలహా ఒక్కటే.

ఆమె గాలిమరల వైపు గడ్డం చూపించింది. "ఇవి వచ్చినాకనే మాకు వానలు పోయినాయి. తిరిగి తిరిగి మబ్బుల్ని కడప పక్కకు తోలేస్తాండాయి."

నేను ఊరుకోవలసింది. ఊరుకోలేదు. మబ్బు చాలా ఎత్తున ఉంటుందనీ, రెక్కలు అంత ఎత్తు అందవనీ, గాలి తిప్పితే రెక్క తిరుగుతుంది గానీ రెక్క తిరిగితే గాలి పుట్టదనీ విడమరచి చెప్పాను. ఆమె గ్లాసులు కడుగుతూ అంతా విన్నది.

"సరే సామీ. ఇవి తోలలేదు" అన్నది. "మరి వాన యాడ?"

దూరంగా దున్ని సిద్ధం చేసిన ఎర్ర చేలు విత్తనం కోసం ఎదురుచూస్తున్నాయి. తెనాలిలో మేము వాన గురించి అడిగేది గొడుగు తీసుకువెళ్ళాలా వద్దా అని. నేను గ్లాసు ఎత్తి టీ తాగాను.

పద్మనాభం ఆమెకు పందెం సంగతి చెప్పాడు. ఆమె ఓబులేసును తేరిపార చూసింది. అతని పల్లె వాళ్ళు ఆమెకు దూరపు చుట్టాలట.

"నువ్వు మా పక్క నిలబడేది నిజమేనా నాయనా? మీసం తీసేస్తే నిన్నెవురనుకోని ఓటేస్తారు?"

"తీసేది ఉండదు లే అక్కా. బండి మిట్టకే పోతాది" అన్నాడు ఓబులేసు. కానీ ఆ తరువాత కొంతదూరం బుల్లెట్ మా వెనకే వచ్చింది. అద్దంలో చూస్తే అతను ఒక చేత్తో మీసాన్ని గాలి నుంచి కాపాడుకుంటున్నాడు.

పులిగుట్ట కనుమ

కనుమదారి పాములా కాదు, జారవిడిచిన తాడులా పడి ఉంది: ఎక్కడ మెలిక పడుతుందో దానికే తెలియదు. ఒక మలుపులో లోయంతా కనిపిస్తుంది, ఇంకో మలుపులో బండరాయి తప్ప ఏమీ కనిపించదు. గేర్లు దించి, ఎక్కి, మళ్ళీ దించి, మలుపు మలుపుకూ ఒకరినొకరు దాటుకుంటూ పోయాం. దాటేటప్పుడల్లా ఓబులేసు ఏదో ఒకటి అనేవాడు. "తెనాలి బండ్లకు మిట్టలు తెలీవప్పా, పాపం." "నీ వెనక ఎద్దులబండి వస్తాండాది, దోవ ఇయ్యి."

పడమటికి ఎక్కుతున్న దారి ఒకచోట బండరాయిని చుట్టి మళ్ళీ తూర్పుకు తిరుగుతుంది. అక్కడ ఓబులేసు ఆగాడు. "ఇదే."

మా ముందు దారి స్పష్టంగా పైకి పోతోంది. రెండువైపులా గుట్టలు, గుట్టల మీద వంగిన తుమ్మచెట్లు, దారి పక్కన పొలాల హద్దుకు పాతిన రాతికూసాలు. చంటిపిల్లవాణ్ణి అడిగినా అది మిట్టేనని చెబుతాడు.

ఓబులేసు ఇంజను ఆపాడు. న్యూట్రల్లో పెట్టి, రెండు కాళ్ళూ పైకెత్తాడు. బుల్లెట్ ఒక్క క్షణం ఆలోచించింది. తరువాత కదిలింది. అంత బరువైన బండి, అంత బరువైన మనిషి, పిల్లి నడిచినంత నిశ్శబ్దంగా పైకి పోయారు.

నా ఒళ్ళు జలదరించింది. ఇది నమోదు చేయవలసిన సంగతి.

తరువాత పద్మనాభం పోయాడు. అతని వంతు అయ్యాక నేను ఇంజను ఆపి కాళ్ళెత్తాను. బండి కదల్లేదు. ఆ పక్కనే గుట్ట మీద మేకల్ని మేపుకుంటున్న ఒక పెద్దాయన, కంబళి కప్పుకుని కర్ర మీద గడ్డం ఆనించి మమ్మల్ని చూస్తున్నాడు.

"ఈడ లాగేది అమ్మోరు. అబద్ధాలు చెప్పేటోల్లను లాగదు" అన్నాడు. "నువ్వేం చేస్తాంటావు సామీ?"

"పాఠాలు చెబుతాను."

"అదే మరి."

కిందికి చూసుకున్నాను. బండి ఒకటో గేరులో ఉంది. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా న్యూట్రల్లోకి మార్చాను. మిత్రులిద్దరికీ తెలిసిపోయిందని వాళ్ళ భుజాల కదలిక చెప్పింది. బండి కదిలింది. ఇంజను చప్పుడు లేదు, టైరు కింద ఇసుక నలిగే శబ్దం మాత్రమే ఉంది, కొండ నన్ను మీదికి తీసుకుపోతోంది. చిన్నప్పుడు ఎవరో వెనకనుంచి చంకల కింద చేతులు వేసి ఎత్తితే ఎలా ఉంటుందో అలా ఉంది. పైకి చేరి, బండి తిప్పుకుని వచ్చి, మళ్ళీ పోయాను. మళ్ళీ వచ్చాను. "పరీక్షను పునరావృతం చేయాలి" అని వాళ్ళకు చెప్పాను. ఎన్నిసార్లు పునరావృతం చేశానో వాళ్ళే ఆపవలసి వచ్చింది.

పరీక్ష మొదలుపెట్టాను. కొండలో అయస్కాంతం ఉందని ఓబులేసు సిద్ధాంతం. అతని బండికి కట్టిన నిమ్మకాయ ఒకటి తెంపి దారి మీద పెట్టాను. నిమ్మకాయ కూడా పైకే దొర్లింది, నవ్వుతున్నట్టు అటూ ఇటూ ఊగుతూ. నిమ్మకాయను లాగే అయస్కాంతం లేదు కనుక ఆ వాదన పోయింది. మిగిలింది గాలి. గాలి మా వెనకనుంచే వీస్తోంది. పెద్దాయనను బతిమాలి కంబళి తీసుకున్నాను. ఓబులేసూ పద్మనాభమూ దాన్ని తెరలా పట్టుకుని, నిమ్మకాయ వెనకే అడ్డంగా పక్కపక్క అడుగులు వేస్తూ నడిచారు. తెర వెనక నిమ్మకాయ హాయిగా మిట్ట ఎక్కింది. ఎదురుగా మలుపు తిరిగి వచ్చిన ఒక ఆటో ఆగింది. నిండా కూర్చున్న ఆడవాళ్ళు, నిమ్మకాయను ఊరేగిస్తున్న ముగ్గురు పెద్దమనుషుల్ని చూసి, ఏం పూజో ఏమోనని దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు.

నీళ్ళ తీర్పు

గొట్టం తీయబోయి చూస్తే, సంచిలో తల దూర్చి ఒక మేక దాని కొసను శ్రద్ధగా నములుతోంది. గొట్టానికి చిల్లులు పడ్డాయి. కొలిచే సాధనమే లేకపోతే పందెం లేదు, మీసం నిలుస్తుంది. ఓబులేసుకు ఆ క్షణంలో కావలసింది అదే. అతను మేక నోట్లోంచి కొస లాక్కుని, జేబులోంచి చాకు తీసి, నమిలినంత మేర కోసి పారేశాడు.

"మిగిలింది చాలా? చూసుకో" అన్నాడు.

అప్పుడు అతని మీద నాకు కలిగిన గౌరవాన్ని కొలిచే గొట్టం లేదు.

సీసాలో నీళ్ళు గొట్టంలో పోశాం. కింద, బండ్లు కదిలినచోట ఓబులేసు ఒక కొస పట్టుకున్నాడు. పైన, మిట్ట మీద నేను రెండో కొస పట్టుకున్నాను. గొట్టంలో నీళ్ళు రెండువైపులా ఒకే మట్టంలో నిలుస్తాయి. అందువల్ల నీళ్ళ నుంచి నేల ఎవరికి ఎక్కువ దూరముంటే వాళ్ళే పల్లంలో ఉన్నట్టు. నీళ్ళు ఊగి ఊగి నిలిచాయి. పద్మనాభం మా ఇద్దరి మధ్యా నడిచి చూశాడు.

ఓబులేసుకు నీళ్ళు మోకాలి దగ్గర నిలిచాయి. నాకు నడుము దాకా వచ్చాయి. మిట్ట మీద నిలబడ్డానని అనుకుంటున్న నేను నిజానికి పల్లంలో ఉన్నాను.

"చోట్లు మార్చుకుందాం రా" అన్నాడు ఓబులేసు. మార్చుకున్నాం. ఈసారి అతనికి నడుము, నాకు మోకాలు.

కారణం చుట్టూ ఉంది. పడమటి గాలికి తుమ్మచెట్లన్నీ ఏళ్ళ తరబడి తూర్పుకు ఒరిగిపోయాయి. రాతికూసాలూ అటే వాలాయి. గుట్టలు దిగంతాన్ని మూసేశాయి. వాలిపోయిన వాటినన్నిటినీ కన్ను నిటారు అనుకుని, దిగే దారిని ఎక్కే దారిగా లెక్క కట్టుకుంటోంది. ఇదంతా చెప్పాను. ఓబులేసు చెట్లను చూశాడు, కూసాలను చూశాడు, చేతిలోని గొట్టాన్ని చూశాడు.

"పల్లమేనప్పా" అన్నాడు. చెయ్యి మీసం దగ్గరికి వెళ్ళింది, మెలి తిప్పడానికి కాదు.

పద్మనాభం నావైపు తిరిగాడు. "నీ వంతు. ఇప్పుడెట్ల కనపడతాండాది?"

చూశాను. ఒక కన్ను మూసి చూశాను. మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. వెనక్కి తిరిగి, వంగి, కాళ్ళ సందులోంచి తలకిందులుగా చూశాను. మేక నావైపు జాలిగా చూసింది. నా చేతిలోని నీళ్ళు పల్లమని చెబుతున్నాయి, నేను నమ్ముతున్నాను, కావలసినన్నిసార్లు ప్రమాణం చేస్తాను. కానీ కన్ను మొండికేసింది. దారి పైకే పోతోంది.

నా కంటికి కనిపించేదానికి సాక్షి ఎవరూ లేరు. "ఇప్పుడు పల్లంగా కనిపిస్తోంది" అంటే సరిపోతుంది. నా మీసం మిగులుతుంది. ఓబులేసు ఒక్కడే వెళ్ళి కుర్చీలో కూర్చుంటాడు. పెద్దాయన కర్ర మీద గడ్డం అలాగే ఆనించి ఉన్నాడు.

"మిట్టగానే ఉంది" అన్నాను.

ఓబులేసు పగలబడి నవ్వి, నడుము పట్టుకుని నన్ను నేల మీదనుంచి లేపాడు. "నేనేం చెప్తిని? మిట్టేనని చెప్తినా లేదా?" ఇద్దరమూ ఓడిపోయామన్న సంగతి అప్పుడు మాకు పెద్ద విజయంలా తోచింది. కంబళి తిరిగి ఇచ్చి, మళ్ళీ ఒకసారి, ముగ్గురమూ వరసగా, కాళ్ళెత్తుకుని ఆ లేని మిట్ట ఎక్కాం.

కంబదూరులో కుర్చీ

నవ్వు కంబదూరు దాకా సాగింది. క్షౌరశాల ముందు బండి ఆపాక తగ్గింది. లోపల ఇద్దరు గిరాకీలు పేపరు చదువుతున్నారు. ఓబులేసు తిన్నగా వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

"గంగన్నా, మీసం తీసేయి."

గంగన్న కొత్త బ్లేడు విప్పి కత్తికి తొడిగి, గుడ్డ కప్పబోయి ఆగాడు. "మీ నాయన ఉండాడు గదా?"

"ఉండాడు."

"అయితే నేను తీయను." కత్తి కింద పెట్టేశాడు.

తండ్రి పోయినప్పుడే కొడుకు మీసం తీస్తారన్న ఆచారం మా వైపూ ఉంది. కానీ తండ్రి బతికుండగా తీయడానికి మా తెనాలి క్షురకుడు ఎవరూ అభ్యంతరం చెప్పగా నేను చూడలేదు. గంగన్న మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పందెం ఓడిపోయినా గంగన్నా. మాట ఇచ్చినా. మాట తప్పినోనికి ఓటెవురేస్తారు?"

"అదంతా నాకు తెల్దు. మీ నాయనను అడుగు. ఆయప్ప సరేనంటే తీస్తా."

ఓబులేసు ఫోను కలిపి, అందరికీ వినిపించేలా పెట్టాడు.

"నాయనా, ఒగ మాట. నేను మీసం తీయించుకుంటాండా."

అవతలినుంచి ముసలిగొంతు నిదానంగా అడిగింది.

"నేను పోయినానా?"

పేపరు చదివేవాళ్ళు పేపరు దించారు.

"లేదు నాయనా."

"మరి నాకెవురూ చెప్పకపోతిరే."

"అది కాదు నాయనా. పందెం ఓడిపోయినా."

"నువ్వు మీసం లేకుండా ఊర్లోకి వస్తివంటే అందురూ నన్ను పరామర్శించేకి వస్తారు. నేను అరుగు మీద కూర్చోని ఉంటా. వాళ్ళకు నేనేం చెప్పల్ల? కాఫీలెవురు పోయల్ల?"

"మాట తప్పమంటావా మరి?"

"తప్పమని యాడ చెప్పినా? నేనుండేంత వరకూ ఆగమంటాండా. యేం, నీకు అంత తొందరగా ఉండాదా?"

ఫోను పెట్టేశాడు. క్షౌరశాల గోడలు అదిరేలా నవ్వారు. ఓబులేసు కూడా నవ్వాడు గానీ కుర్చీలోంచి లేవలేదు. తండ్రికీ మాటకూ మధ్య అతను నిజంగానే ఇరుక్కున్నాడని అతని ముఖం చెబుతోంది. గిరాకీల్లో ఒకాయన సానుభూతిగా అన్నాడు: "మీసం ఉంటే మాట పోతాది, మీసం పోతే నాయన పోతాడు. బలే వచ్చిందప్పా నీకు."

అందరూ పద్మనాభం వైపు చూశారు. అతను చీర మడత విప్పినంత నెమ్మదిగా చెప్పాడు.

"బాకీ పోలేదు. వాయిదా పడినాది. వాళ్ళ నాయన ఉన్నంత కాలం బాకీ అట్లే ఉంటాది. కాకుంటే గెలిచినోడు ఒప్పుకోవల్ల. రెండో పందెం సంగతి తరవాత."

"ఒప్పుకున్నాను" అన్నాను.

ఓబులేసు లేచి, చొక్కా దులుపుకుని, నావైపు చూశాడు. గంగన్న కత్తి చేతిలోకి తీసుకున్నాడు. "బ్లేడు కొత్తది. విప్పేసినా. రెండో పందెం ఉందంటిరే, ఆ సార్‌దేనా?" అని, మళ్ళీ అదే ప్రశ్న నన్ను అడిగాడు. "సార్, మీకు నాయన ఉండాడా?"

మిత్రులిద్దరికీ సమాధానం తెలుసు.

"లేరు. పోయిన ఏడు పోయారు" అన్నాను.

"వద్దులే సుబ్బా" అన్నాడు ఓబులేసు. నేను కుర్చీలో కూర్చున్నాను.

ఎవరేం చెప్పినా "చూశావా? చూసినవాడు చెప్పాడా?" అని అడిగిన మనిషి మా నాన్నగారు. నా జబ్బు ఆయన దగ్గరే అంటుకుంది. ఆయన పోయాక పదో రోజున, కాలవగట్టు మీద పీట వేసి నన్ను కూర్చోబెట్టారు. ఆ కర్మకాండలో దేన్నీ నేను నమ్మను. అమ్మ చూస్తోంది కనుక కూర్చున్నాను. చల్లని కత్తి పెదవి పైన ఆనినప్పుడు నా చుట్టూ ఎవరూ మాట్లాడలేదు.

గంగన్న కత్తి అక్కడే ఆనింది. ఈసారి ఓబులేసు అద్దంలోంచి నాకు ముఖాలు పెడుతున్నాడు. "జాగ్రత్త గంగన్నా, కాఫీ మరక పోతాది" అంటున్నాడు. పద్మనాభం తీసినదాన్ని తూకం వేయాలంటున్నాడు. నేను కదలకుండా నవ్వడానికి ప్రయత్నిస్తూ, విఫలమవుతూ, కళ్ళనీళ్ళు కారుస్తూ కూర్చున్నాను. నాన్నగారు ఉంటే అడిగేది ఒక్కటే: కొలిచావా? కొలిచాను. నిజమే చెప్పావా? చెప్పాను.

గంగన్న డబ్బులు తీసుకోలేదు. మీసానికి ధర ఉండదట.

తిరుగు దారి

సాయంత్రపు ఎండలో ఓబులేసు పల్లెకు బయలుదేరాం. పెదవి పైన గాలి కొత్తగా, చల్లగా, నాకు తెలియని భాషలో ఏదో చెబుతోంది. ముగ్గురమూ పక్కపక్కనే ఒరిగి, తూలి, మళ్ళీ ఒరిగి పోయాం. దారి నిజంగా మిట్టెక్కిన ప్రతిచోటా ఓబులేసు "పల్లం" అని అరిచాడు, దిగిన ప్రతిచోటా నేను "మిట్ట" అని అరిచాను. పద్మనాభం మా ఇద్దరితోనూ విభేదించాడు.

పల్లె మొదట్లోనే వాళ్ళ ఇల్లు. తెల్లని మీసంతో వాళ్ళ నాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కొడుకు ముఖం ముందు చూశాడు. అన్నీ యథాస్థానంలో ఉన్నాయని నిశ్చయించుకున్నాక నా ముఖం చూశాడు.

"ఓడినోడు అట్లే ఉండాడు. గెలిచినోనికి పోయె. యేం పందెం రా ఇది?" అని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, రాగి సంగటి, శెనగకాయల చెట్నీ తెప్పించి, కడుపు పగిలేదాకా పెట్టించాడు.

తెనాలి వచ్చాక నాకు మళ్ళీ మీసం మొలిచింది. కాఫీ మరకకన్నా కొంచెం లావుగానే పెంచుతున్నాను. ఓబులేసు అప్పుడప్పుడు ఫోను చేస్తాడు. నాలుగు చినుకులు పడ్డాయనీ, విత్తనం వేశామనీ, పులిగుట్టకు ఇంకెవరో వచ్చి నిమ్మకాయ దొర్లించారనీ చెబుతాడు. ఫోను పెట్టేముందు నేను ప్రతిసారీ ఒక ప్రశ్న అడుగుతాను.

"మీ నాన్న ఎలా ఉన్నారు?"

"బాగుండాడు. గట్టిగా ఉండాడు" అంటాడు. ఆపైన తనే అంటాడు: "యేమప్పా, బాకీ గురించి అడుగుతాండావా?"

ఔనంటాను. లోకంలో ఏ అప్పు అయినా తీరాలని కోరుకునేవాణ్ణే గానీ, ఇది ఒక్కటి మాత్రం అలాగే ఉండాలి.